రెండు వరండాల నడుమ ప్లాస్టిక్ గడ్డి

2008లో బెంగళూరులో ప్లాస్టిక్ గడ్డి ఇంకా కొత్త వింత. ఇళ్ళ ముందు దాన్ని పరవడం, చిరిగితే అతకడం, అణిగితే లేపడం నా పని. ఒకాయన దానికి ఎరువు వేస్తే రెండంగుళాలు పెరిగిందని నేనే ఊరంతా చెప్పుకు తిరిగాను. ఇద్దరు ముగ్గురు నమ్మారు కూడా. నా కథల్లో సగానికి కాళ్ళుండవని మా ఆవిడ అంటుంది. ఈ కథలో మాత్రం నడిచీ నడిచీ నొప్పి పుట్టినవి నా కాళ్ళే.

కె.ఆర్.పురం దాటాక ఒక లేఅవుట్‌లో అన్నదమ్ములు ఎదురెదురుగా ఇళ్ళు కట్టుకున్నారు. అన్న మునియప్ప, తమ్ముడు సోమప్ప. తాతల నాటి నుంచి అక్కడే ఉన్న తెలుగువాళ్ళు. ఒకప్పుడు ఆ నేలలోనే కొత్తిమీర పండించారు. బోరు ఎండిపోయి ట్యాంకరు నీళ్ళు కొనుక్కునే రోజులు వచ్చాక, రెండు వరండాల మధ్య ఉమ్మడి వాకిట్లో ప్లాస్టిక్ గడ్డి వేయించారు. వేసింది నేను కాదు. వేసినవాడు ఊరు వదిలి వెళ్ళిపోయాడు.

మునియప్ప పిలిస్తే వెళ్ళాను. గడ్డి నడుమ సున్నం గీత, గేటు దగ్గర ఇటుకల కుప్ప.

"మంచి గడ్డంతా వాని పక్కకే పోయిండాది. నా పక్క చూడప్పా, ముసలోని తల మాదిరి వెలిసిపోయింది. వాని గడ్డి చూస్తా రోజూ కాఫీ తాగేకి నాతో కాదు. నువ్వు సరిచేస్తే సరి, లేకుంటే సోమవారం నడుమ గోడ లేస్తాది" అన్నాడు.

ఆయన వరండాలో నిలబడి చూశాను. నిజమే. ఇటు సగం పాలిపోయి ఉంది, అటు సగం నవనవలాడుతోంది. ఇన్‌ఫిల్ తగ్గిందనుకున్నాను, అంటే పోచలు నిలబడటానికి వాటి మధ్య చల్లే ఇసుక. "మీ పక్క ఇసుక కొట్టుకుపోయింది" అని తేల్చేసి, పోల్చి చూద్దామని అటు నడిచాను.

సోమప్ప మెట్ల మీదే ఎదురొచ్చాడు. "బాగుండే సగం ఆయనకి, ఎండింది నాకి. పెద్దోడు కదా! అయినా నిన్ను పిలిచినాడా?"

ఎండిందా అనుకుంటూ ఆయన వరండా ఎక్కి వెనక్కి తిరిగాను. కళ్ళు నులుముకున్నాను. ఇప్పుడు సోమప్ప సగం పాలిపోయి ఉంది, మునియప్పది పచ్చగా ఉంది. "అవును, పాడైంది మీదే" అన్నాను. ఇంకేమనను?

అవతలి వరండా నుంచి కేక వినబడింది. "ఏమప్పా, ఆడికి పోతానే మాట మార్చేసినావే! వాడేమన్నా తినిపించినాడా?"

మునియప్ప భార్య రత్నమ్మ నవ్వింది. "సుమ్మనుండండి, ఊరికే అరవొద్దు. పెయింటరు వచ్చినా ఇంతే, మేస్త్రీ వచ్చినా ఇంతే. ఏ పక్క కాఫీ తాగితే ఆ పక్క మాట."

మధ్యాహ్నం దాకా అటూ ఇటూ తిరిగాను. ఎండ వాలు అనుకున్నాను. మబ్బు పట్టినా అంతే. ఇసుక లోతు చూశాను. రెండు పక్కలా సమానం. అణిగిన పోచల్ని లేపే పవర్ బ్రష్ ఆడించాను. లేచినవి మళ్ళీ ఒరిగాయి. నేను ఏ వరండాలో ఉంటే ఆ పక్క గడ్డి ఎండిపోతోంది, నేను దాటగానే పచ్చబడుతోంది. ఇన్నాళ్ళూ నేను అల్లిన కథల్లో ఒకటి వచ్చి నన్నే పట్టుకుందేమోనని భయం వేసింది.

చివరికి సున్నం గీత దగ్గర చతికిలబడ్డాను. రెండు గడ్డి చుట్టలు కలిసే అతుకు, మేము సీమ్ అంటాం, అక్కడే ఉంది. ఊడిందేమోనని తడిమాను. మునియప్ప వైపు నుంచి పిల్లి వీపు నిమిరినట్టు నున్నగా వచ్చిన చెయ్యి, గీత దాటగానే గరగరా గుచ్చుకుంది.

ఈ గడ్డికి పైల్ డైరెక్షన్ అని ఒకటుంటుంది. పోచలన్నీ ఒకే వైపు ఒరుగుతాయి. మన వైపు ఒరిగితే ముదురుపచ్చగా, అవతలికి ఒరిగితే వెలిసినట్టు కనిపిస్తాయి. ఇక్కడ రెండు సగాలూ నడుమ గీత వైపే ఒరిగి ఉన్నాయి.

"దీన్ని ఎక్కడి నుంచి మొదలుపెట్టి పరిచారు?" అని గట్టిగా అడిగాను.

"మా గడప నుంచే!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

శుభమా అని చేసే పని, మొదటి చుట్ట మా గడపలోనే విప్పాలని ఎవరికి వారు పట్టుబట్టారట. పరిచేవాడు ఎవరినీ కాదనలేక, ఒక చుట్ట ఇటు నుంచి, ఒక చుట్ట అటు నుంచి దొర్లించి నడుమ కలిపాడు.

చెబితే ఇద్దరూ నమ్మలేదు. "నా మాట నమ్మొద్దు. వెళ్ళి ఆ కుర్చీలో కూర్చోండి" అన్నాను మునియప్పతో. ఆయన కదల్లేదు. తమ్ముడి ఇంట్లో పాలు పొంగించిన రోజు తర్వాత ఆ మెట్లు ఎక్కలేదట.

"పోండి. గోడ లేసినాక పోవల్లన్నా దోవుండదు" అంది రత్నమ్మ.

మునియప్ప గడ్డి మీదుగా మెల్లగా నడిచి, తమ్ముడి కుర్చీలో కూర్చున్నాడు. తన సగాన్నే చాలాసేపు చూశాడు.

"సోమూ, నీకి దినామూ ఇట్లే కనపడతాదా?"

"ఇట్లే అన్నా."

"అందుకే ఏడుస్తా ఉండావు. నేనైనా ఏడుస్తాను."

ఒక సగం పీకి తిప్పి వేయవచ్చని చెప్పాను. అప్పుడు ఒక వరండాకు గడ్డంతా పచ్చగా, రెండోదానికి అంతా వెలిసినట్టు కనిపిస్తుంది. ఎవరికి ఏది కావాలో తేల్చుకోమన్నాను.

"అన్నకే బాగుండేట్ల వెయ్యప్పా" అన్నాడు సోమప్ప.

"నిన్నెవరడిగినార్రా? వానికే వెయ్యప్పా."

"పెద్దోనివి నువ్వుండంగా నాకా?"

మళ్ళీ గొంతులు లేచాయి. "ఇదొకటి తక్కువయ్యింది!" అంటూ రత్నమ్మ కాఫీలు సోమప్ప వరండాకే తెచ్చింది. ఎంతకీ తేలక నన్ను పంపించేశారు. తర్వాత అటు వెళ్ళినప్పుడు చూస్తే గడ్డి అలాగే ఉంది, నడుమ గోడ లేవలేదు, గేటు దగ్గర ఇటుకల కుప్పా లేదు.

అప్పటి నుంచి నాకొక పద్ధతి ఏర్పడింది. గడ్డి పాడైందని ఎవరు పిలిచినా ముందు వాళ్ళ కుర్చీలో కూర్చుని చూస్తాను, ఆ తర్వాత ఎదుటి వైపు నుంచి చూస్తాను, అప్పుడే నోరు విప్పుతాను. ఆ రెండు సగాల్లో నిజంగా బాగున్నది ఏదని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. నన్ను ఏ వరండాలో కూర్చోబెడతారో ముందు చెప్పండి అంటాను.