ఎదెల్మిరా గాలి తీయడం మరిచిన రోజు

మా వదిన ఎదెల్మిరా చేతులు చూస్తే ఎవరూ ఆడమనిషి చేతులనుకోరు. మా ఊరు పుయెంతే ఆల్తోలో బస్సులు తిరిగే మలుపు దగ్గర పంక్చర్ షాపు ఆమెదే. పెళ్లయిన కొత్తలో మా అన్న నిబాల్దో నడుం పట్టేసి మంచమెక్కితే, పది రోజులు చూసుకుందామని పానా పట్టింది. ముప్పై ఏళ్లయింది, ఇంకా దించలేదు. మా అన్న నడుం ఎప్పుడో బాగుపడింది, బద్ధకమే పోలేదు.

మా దేశంలో ఆగస్టంటే నడి చలికాలం. ఏటా అప్పుడు చలి ముదిరాక, ఒక ఆదివారం అందరం మంచుకొండకి పోతాం. జారడానికి అక్కడ రంగురంగుల ట్యూబులు అద్దెకిస్తారు. వదిన వాటి మొహం కూడా చూడదు. "ఎవడు అతికాడో ఏమో! వాటి మీద నా పిల్లల్ని కూర్చోబెడతానా?" అంటుంది. లారీ ట్యూబుకి తనే అతుకు వేసి, నీళ్ల తొట్టిలో ముంచి చూసి, షాపులోనే గాలి కొట్టి, కారు మీద కట్టిస్తుంది. పైకి చేరగానే మొదటి పని అందులోంచి కొంత గాలి తీసేయడం. కొండ ఎక్కేకొద్దీ ట్యూబు ఉబ్బిపోతుంది మరి. అలా గట్టిపడిన ట్యూబు మంచు మీద ఎగిరెగిరి పడుతుంది, ఆగాల్సిన చోట ఆగదు.

ఈ ఏడు బయల్దేరకముందే మా గుండెల్లో రాయి పడింది. వదిన కూతురు హిమేనా భర్తతో విడిపోయి, ఆరేళ్ల ఐలెన్‌తో పుట్టింట్లోనే ఉంటోంది. బడి వదిలాక ఆ పిల్లకి అమ్మమ్మ షాపే ఇల్లు. నెల కిందట అక్కడే అతుకులు అంటించే వేడి మిషను మీద చెయ్యి పెట్టి కాల్చుకుంది. కారెక్కేముందు హిమేనా తేల్చి చెప్పేసింది.

"అమ్మా, ఇదే ఆఖరిసారి. ఇవాళ పిల్ల ఒంటి మీద చిన్న గీత పడినా సరే, తాల్కాలో వాళ్ల నానమ్మ దగ్గరికి పంపించేస్తా. ఆవిడ ఎప్పట్నుంచో అడుగుతోంది."

వదిన పిల్లని ఎత్తి కారులో కూర్చోబెట్టింది. ఐలెన్ లేని ఇంట్లో ఆ మనిషికి ముద్ద దిగదని నాకు తెలుసు.

ఆ ఇరుకు దారిలో పన్నెండు దాటితే పోలీసులు కార్లను పైకి వదలరు, రెండింటి నుంచి కిందికే వదులుతారు. సగం దారిలో ఆపి, మంచులో జారకుండా చక్రాలకి చెయిన్లు కట్టుకోమన్నారు. మా అన్న మహానుభావుడు వాటిని ఇంట్లోనే మరిచిపోయాడు! అద్దె చెయిన్ల దగ్గర అరగంట పోయింది. వదిన గడియారం చూస్తుంది, ఐలెన్ బెల్టు లాగి చూస్తుంది, మళ్లీ గడియారం చూస్తుంది.

"అమ్మమ్మా, ఊపిరాడట్లేదే!" అని పిల్ల గోల.

పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా పైకి చేరాం. వదిన వాలంతా తొక్కి చూసి, రాళ్లు ఏరి పారేసి, పిల్లకి టోపీ మీద టోపీ పెట్టి, జాగ్రత్తలు మొదలుపెట్టింది.

"జారనిస్తావా, ఇక్కడే పెళ్లి చేసి సాగనంపుతావా?" అన్నాడు మా అన్న.

ఏటా లాగే వదిన, నేను కింద చదునులో నిలబడ్డాం. మా వెనకే రోడ్డు, దాని మీద కార్లు. పైన హిమేనా పిల్లని కూర్చోబెట్టింది, మా అన్న తోశాడు. మొదటి దిబ్బ మీదే ట్యూబు మూరెడెత్తు ఎగిరింది.

"గాలి!" అంది వదిన. మొహంలో నెత్తుటి చుక్క లేదు. "అయ్యో దేవుడా, గాలి తియ్యలేదు!"

అందరి ట్యూబులూ ఆగే చోట అది ఆగలేదు. మా వదిన, యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఎలా పరిగెత్తిందో, రోడ్డుకి నాలుగు గజాల ఇవతల ట్యూబుకి అడ్డంగా పడిపోయింది. అది ఆమె మీదికెక్కి తిరగబడింది. ఐలెన్ మెత్తటి మంచులో దొర్లి లేచి కూర్చుంది.

"ఇంకోసారి, అమ్మమ్మా!"

వదిన కుడి మణికట్టు వంకరపోయింది. పైనుంచి హిమేనా పడుతూ లేస్తూ వచ్చి పిల్లని ఆపాదమస్తకం తడిమింది. ఒక్క గీత లేదు. మా అన్న గసపెడుతూ వచ్చి, "గడ్డకట్టిన మంచు, అందుకే అంత జోరు" అని తేల్చేశాడు.

నేను వదిన చెవిలో అన్నాను. "నోరు మూసుకో తల్లీ. ఎవరికీ తెలీదు."

నా మాట ఎప్పుడు విన్నది గనక!

"మంచు కాదు. గాలి తియ్యడం మరిచిపోయాను. తప్పు నాదే, హిమేనా. పంపించెయ్యి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత సత్యసంధత ఇప్పుడే కావాలా?

హిమేనా మంచులో చతికిలబడి ఏడ్చేసింది.

"పైన చెయ్యి వేసినప్పుడే గట్టిగా ఉందని తెలిసిందమ్మా. ఆ షాపులో పుట్టినదాన్ని, నాకు తెలీదా? అమ్మ చూసే ఉంటుందిలే అని కూర్చోబెట్టేశాను."

రెండింటికి గానీ కిందికి దారి వదల్లేదు. కారులో హిమేనా తల్లి చేతిని ఒళ్లో పెట్టుకుని, ప్రతి మలుపులో కుదుపు తగలకుండా పట్టుకుంది. తాల్కా మాట ఎవరూ ఎత్తలేదు. నేనే ఉండబట్టలేక అడిగాను.

"ఏమే, పిల్లని పంపిస్తున్నావా మరి?"

"ముందు ఎముకల డాక్టరు దగ్గరికి పోదాం అత్తా," అంది. "రేపు షాపు తియ్యాలి కదా. నా డ్యూటీ అయ్యాక నేనూ షాపుకి వస్తాను. అమ్మ చెబుతుంది, నేనూ పిల్లా చేస్తాం."