నమలకుండా మింగిన సంగటి

ఆండర్సన్‌పేటలో ఆటో నడిపే నంజుండప్ప, ఆపరేషన్‌లో తన కడుపులోని పుండు మాత్రమే తీశారని నమ్మాడు. నెలల తరబడి గంజితో గడిపాక, మళ్లీ ఆటో స్టాండుకు బయలుదేరే రోజు పొద్దున భార్య రత్న చేత రాగి సంగటి చేయించుకున్నాడు.

"బాగా నమిలి తినయ్యా," అంది రత్న.

"సంగటి యాడన్నా నముల్తారా? స్టాండులో వింటే నగుతారు," అంటూ ఎప్పటిలాగే సంగటి ఉండను పులుసులో ముంచి మింగేశాడు.

అది రొమ్ము దగ్గర అడ్డం పడింది. చెమటలు కారాయి. కక్కుకుని గోడకు ఆనుకున్నాడు.

రత్న పరుగున వచ్చి పట్టుకుంది. "నీకింగ కడుపే లేదయ్యా! క్యాన్సరని మొత్తం తీసేసినారు. భయపడతావని చెప్పలేదు."

"ఇంకెవురికి తెలుసు?"

"స్టాండులో అందరికీ."

పుండు మానిందా అని అడుగుతూ వాళ్లు ఇంటికొచ్చి తనను నవ్వించిన సాయంత్రాలన్నీ గుర్తొచ్చాయి.

"కడుపు నాది. నాకొక్కడికే చెప్పలేదు. చెప్పింటే నమిలేవాణ్ణి కదే."

మధ్యాహ్నానికి ఒళ్లు కుదుటపడ్డాక ఆటో తీశాడు. స్టాండులో వాళ్లు "వచ్చినాడప్పా మన మొగోడు!" అంటూ చేతులెత్తారు. నంజుండప్ప ఆపలేదు. రాబర్ట్‌సన్‌పేట స్టాండు దాకా పోయి, తనను ఎరగని ఆటోవాళ్ల వెనక వరసలో బండి నిలబెట్టుకున్నాడు.