పాత ఫిరంగికి కొత్త కన్ను

ఆ రోజుల్లో, అంటే డెబ్భైల చివర్లో, బందరులో నాకంటే తెలివైనవాడు లేడని నాకు గట్టి నమ్మకం. ఇప్పుడు తలుచుకుంటే ఆ నమ్మకం మీదే బెంగగా ఉంటుంది గానీ, ఆ తెలివి మీద కాదు. పాలిటెక్నిక్ పాసై, దుర్భిణులూ భూతద్దాలూ తయారుచేసే ఒక చిన్న కార్ఖానాలో ప్రొబేషన్ మీద చేరాను. చేరిన నాలుగో నెలకే దేశరక్షణ నా భుజాల మీద ఉందన్న సంగతి మా వీధి వీధంతా తెలిసిపోయింది (నేనే చెప్పాను).

సంగతేమిటంటే, సైన్యం దగ్గర విమానాలను కూల్చే పాత ఫిరంగులు కొన్ని ఉండేవి. ట్యాంకుల్లాగా తమంతట తామే నడిచే రకం. ఇంజన్లు బాగానే ఉన్నాయి, గొట్టాలూ బాగానే ఉన్నాయి. కానీ అవి తయారైన కాలంలో విమానాలు ఎత్తున, కాస్త నింపాదిగా వచ్చేవట. ఇప్పటివి తాటిచెట్టు ఎత్తున దూసుకొస్తున్నాయి. జవాను ఇనప రింగులోంచి చూసి గురి కుదుర్చుకునేలోగా విమానం కాస్తా దాటిపోతోంది. కొత్త ఫిరంగులు కొనాలంటే మాటలు కాదు కాబట్టి, పాతవాటికే కొత్త గురి అద్దం బిగించాలనుకున్నారు. మా కార్ఖానాలో అద్దాలు సానపట్టే పెద్దాయన ఒక సాయిబుగారుండేవారు. మేమంతా ఆయన్ని మావయ్యా అని పిలిచేవాళ్ళం. ఈ వ్యవహారమంతా ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు: "తాతకి పళ్ళు గట్టివే అబ్బాయ్, చూపే ఆనట్లేదు. కళ్ళజోడు పెడితే సరి."

ఆ కళ్ళజోడుకి అద్దం సానపట్టింది మావయ్య, పెట్టెలో బిగించింది నేను. రెండు చక్రాలు తిప్పుతూ అద్దంలో వెలిగే ఎర్ర చుక్కని విమానం మీద నిలిపితే చాలు, ఎంత ముందుకి కాల్చాలో లెక్క అదే కట్టుకుంటుంది. దాన్ని పరీక్షించడానికి సైన్యం నుంచి ఒక మేజరుగారు వస్తున్నారని కబురొచ్చింది. పరీక్ష నెగ్గితే నాకు ఉద్యోగం ఖాయం, పోతే నేను ఇంటికి. ఈ మాట మేనేజరుగారు తలుపు దగ్గరకి వేసి మరీ చెప్పారు. చిక్కేమిటంటే ఫిరంగి ఎక్కడో ఉత్తరాదిన ఉంది, బందరు ఆకాశంలో విమానం మాట దేవుడెరుగు. వారం రోజులు ఉప్పు మడుల దగ్గర కొంగల మీద సాధన చేశాను గానీ, కొంగలు సహకరించలేదు.

అప్పుడు బావ గుర్తొచ్చాడు. మా అక్క మొగుడు, నందివాడ దగ్గర రైతు. వరికి దోమ పట్టిందంటే ఆ రోజుల్లో విమానంతో మందు చల్లించేవారు. దివిసీమలో చల్లడం అయిపోయి, విమానం తమ వైపుకి వచ్చిందని బావ అంతకు ముందురోజే చెప్పాడు. తాటిచెట్టు ఎత్తున ఎగిరే విమానం, అదీ ఊరికే! ఫిరంగి బదులు బావ ట్రాక్టరు ట్రక్కు. నడిచే బండి మీంచి గురి చూడాలంతేగా, నేను నడిపిస్తాలేవోయ్ అన్నాడు బావ.

పరీక్ష రోజున ఇస్త్రీ చేయించిన కొత్త చొక్కా తొడుక్కున్నాను. మేజరుగారికి తెలుగు రాదు, నాకు హిందీ రాదు, కాబట్టి మాట అందించడానికి మావయ్యని తీసుకెళ్ళాం. ట్రక్కులో గురి అద్దం బిగించి, దాని వెనక నేను కూర్చున్నాను. చుక్క విమానం మీద ఉందో లేదో మేజరుగారు సరిచూసుకోవడానికి పక్కనే దుర్భిణిలాంటి గొట్టం, మా ఇద్దరి మధ్యా మావయ్య. అరమైలు అవతలి పొలం మీద విమానం మందు చల్లుతుంటే, ఈ డొంకలో ట్రాక్టరు కుదుపుల్లో కూడా నా చుక్క దాన్ని వదల్లేదు. మేజరుగారు తలూపారు. ఇంతలో ఎండ అద్దం మీద పడి మెరవసాగింది. నాకు తెలివి ఎక్కువ కదా, ట్రక్కులో మడతపెట్టి ఉన్న బావ తెల్ల పంచె ఒకటి తీసి, పొడుగాటి వెదురు కర్రకి కట్టి, గొడుగులా నిలబెట్టాను.

పొలం చివర కర్రకి తెల్లగుడ్డ కట్టి నిలబడితే, పైలటుగారూ మందు ఇక్కడ కొట్టండి అని అర్థం. ఆ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. బందరు వీధుల్లో పెరిగిన నాకు తెలీదు. బావకి తెలుసు గానీ, పాపం ముందుకి చూసి ట్రాక్టరు నడుపుతున్నాడు.

విమానం గిర్రున తిరిగి తిన్నగా మా మీదికి వచ్చింది. అద్దంలో అది పెద్దదవుతోంది, ఇంకా పెద్దదవుతోంది. తర్వాత నాకు గుర్తున్నది ట్రక్కు ఆగడమూ, దాని కిందకి నేను దూరడమూ మాత్రమే. నెత్తి మీద పెద్ద హోరు, ఆ వెనకే ఘాటు వాసన.

బయటికొచ్చి చూద్దును కదా, బావ తడిసి ముద్దయ్యాడు. మేజరుగారి మీసాల్లోంచి మందు కారుతోంది. నా చోటులో మావయ్య కూర్చుని ఉన్నారు, చేతులింకా చక్రాల మీదే ఉన్నాయి. నేను దూకేసరికి ఖాళీగా ఉన్న చోటులో ఆయన కూర్చుని, చుక్కని చివరిదాకా విమానం మీదే నిలిపారట. మేజరుగారు గొట్టంలోంచి అంతా చూశారు. ముగ్గురూ ఒక్కసారి నా వైపు తిరిగారు. నా చొక్కా ఇస్త్రీ నలిగింది గానీ, దాని మీద ఒక్క చుక్క లేదు.

ఉద్యోగం పోయిందనుకున్నాను. మేజరుగారు ఏదో అడిగారు, మావయ్య ఏదో చెప్పారు. మేజరుగారు పగలబడి నవ్వి, కాగితం మీద సంతకం పెట్టేశారు. బావ మాత్రం పంచె పిండుకుంటూ, "ఈ ఏడాది మనకి దోమ పట్టదులే, నీకే చెప్పలేం" అన్నాడు.

తిరుగు బస్సులో, గుడివాడ దాటాక, ధైర్యం చేసి అడిగాను. "ఆయనకేం చెప్పారు మావయ్యా?"

"మా అబ్బాయి ఎంత బాగా బిగించాడంటే, ఇహ మా అబ్బాయి కూడా అక్కర్లేదండీ అన్నాను," అన్నారు మావయ్య.

మీకు భయం వెయ్యలేదా అన్నాను. ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఇది పెట్టుకుంటే గురి అద్దానికి అడ్డొస్తోందని తీసేశాను. దూరం ఆనదు కదా నాకు, కొంగ అనుకున్నా" అన్నారు.

ఉద్యోగం ఖాయమైంది, ముప్పై ఏళ్ళు చేశాను. మావయ్య ఇప్పుడు లేరు. నాకూ చూపు ఆనడం తగ్గింది. ఆయన కొంగ అనుకున్నది నిజమో, నా పరువు కాపాడటానికి అన్న మాటో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ చొక్కా మాత్రం బీరువాలో ఉంది. అప్పుడప్పుడు తీసి, వెలుతురులో పట్టుకుని చూసి, నవ్వుకుంటాను. దాని మీద ఒక్క మరకైనా ఉంటే బాగుండేది.