ఆరాధన మధ్యలో లేచిపోయే బాబాయి

లిఫ్టు బాబాయికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు: చర్చిలో ఏ ఆరాధనలోనూ చివరిదాకా కూర్చోలేడు. లిఫ్టులు బాగుచేసే వృత్తి కనుక ఒకచోట నిలకడగా ఉండడం ఆయన ఒంటికి పడదని సంఘంలో ఒక సిద్ధాంతం స్థిరపడిపోయింది. అందరూ కళ్ళు మూసుకుని మౌనప్రార్థనలో ఉండగా బెంచీ కిర్రుమనేది, గొడుగు దబ్బున పడేది, "క్షమించాలి, ఎక్కడో లిఫ్టు ఇరుక్కుంది" అంటూ ఆయన నలుగురి కాళ్ళు తొక్కుకుంటూ బయటపడేవాడు.

"ఆదివారం ఆఫీసులన్నీ మూసేస్తే లిఫ్టులో ఎవరిరుక్కుంటారండీ?" అని పిన్ని పళ్ళు నూరేది.

"అదే చూసొస్తాను" అనేవాడాయన.

ఆయన అన్నగారి అమ్మాయి ఇందుకు పూర్తిగా విరుద్ధం. రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. కీర్తనలు కంఠస్థం. బైబిలు వాక్యాల పోటీలో ఎప్పుడూ మొదటి బహుమతే. ఇక మిగిలింది ఏడాదంతా ఒక్క ఆరాధనా తప్పనివారికిచ్చే షీల్డు. నిబంధన మాత్రం కఠినం: ముగింపు ఆశీర్వాదం కాకముందే లేచి వెళ్తే ఆ హాజరు చెల్లదు.

"ఒక్కసారైనా ఆశీర్వాదం విన్నారా బాబాయ్?"

"గుమ్మం దాకా వినిపిస్తుందమ్మా. పాస్టరుగారిది మంచి గొంతు."

ఏడాదిలో చివరి ఆదివారం రానే వచ్చింది. షీల్డు బల్లమీద తళతళలాడుతోంది. "ఎవరి సొంత మాటల్లో వారు దేవునితో మాట్లాడండి" అన్నారు పాస్టరుగారు. అమ్మాయి కళ్ళు మూసుకుంది. ఒక కీర్తన వచ్చింది. దాన్ని పక్కకు తోస్తే, దాని వెనకే ఇంకొకటి చక్కగా తల దువ్వుకుని నిలబడి ఉంది. ఎంత వెదికినా తనదంటూ ఒక్క మాట దొరకలేదు. నాడి పట్టుకు చూసుకుంది, పరుగెడుతోంది. లేచి బయటికి వెళ్ళిపోవాలి. లేస్తే షీల్డు పోతుంది. మోకాళ్ళు వాటంతటవే ఊగసాగాయి.

అప్పుడు అవతలి వరుసలో బెంచీ కిర్రుమంది. గొడుగు సరిగ్గా కోశాధికారి పాదం మీద పడింది.

"అబ్బా! మళ్ళీ ఇరుక్కుందా?"

"ఈసారి గట్టిగా ఇరుక్కుందండీ."

తలలన్నీ అటు తిరిగాయి. ఆ గందరగోళంలో తాను పక్క తలుపులోంచి ఎప్పుడు బయటపడిందో అమ్మాయికే తెలియదు.

వరండాలో ఒకావిడ ఏడుస్తున్న పసిబిడ్డను భుజాన వేసుకుని ఊపుతోంది. దగ్గు ఆగని పెద్దాయన ఒకరు నీళ్ళు తాగుతున్నారు.

"నువ్వూ వచ్చేశావా తల్లీ?" అన్నారు పెద్దాయన. "మీ బాబాయి గొడుగు పడేస్తాడు, మేం జారుకుంటాం. వారం వారం ఇదే తంతు. కొరకొర చూపులన్నీ ఆయన ఖాతాలోకి పోతాయి, మావైపు ఎవరూ చూడరు."

అంతలో బాబాయి గొడుగు దులుపుకుంటూ వచ్చాడు.

"లిఫ్టులో ఎవరిరుక్కున్నారు బాబాయ్?"

"నీ మోకాళ్ళు చూసి నువ్వేననుకున్నాను."

ఆమెకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. "పుస్తకమంతా వచ్చు బాబాయ్. దేవుడితో చెప్పడానికి మాత్రం నాదంటూ ఒక్క ముక్క రావట్లేదు."

"ఆ ముక్కే చెప్పు."

"అలా చెప్పొచ్చా?"

"పొద్దున్న నా నడుంనొప్పి గురించి ఆయన మీద గంపెడు విసుక్కున్నాను. మార్కులేం తగ్గించలేదు."

అమ్మాయి మెట్టు మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. "ప్రభువా, ఏం మాట్లాడాలో నాకు తెలియట్లేదు. ఆ షీల్డు కావాలి. అదొక్కటే కావాలేమోనని భయంగా ఉంది." ఒక మాట వెంట మరొకటి వచ్చింది. ల్యాబులో పని, నిద్ర పట్టని రాత్రులు, ఎవరికీ చెప్పని అలసట.

బాబాయి మాత్రం గుమ్మానికీ మెట్లకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఉన్నట్టుండి పరుగున వచ్చి చెవిలో అన్నాడు: "ఆశీర్వాదానికి లేస్తున్నారమ్మా! పక్క తలుపు తీసే ఉంది. నువ్వు బయటికి రావడం ఎవరూ చూళ్ళేదు. ఇప్పుడెళ్ళి నిలబడ్డావంటే షీల్డు నీదే. లే, లే!"

అమ్మాయి కళ్ళు తెరవకుండానే ఆగమన్నట్టు చెయ్యెత్తింది.

"ఉండండి బాబాయ్, మేం మాట్లాడుకుంటున్నాం."