అమ్మ కంటెకు అయ్య వేసిన అతుకు

పర్సుడీహ్ బజారులో కంసాలి దుకాణం మెట్టెక్కగానే మా అయ్య చొక్కా వాసన వచ్చింది. వెలిగారం కాలిన వాసన, గ్యాసు మంట వాసన, ఎర్రగా కాగినదాన్ని నీళ్ళలో ముంచితే లేచే ఆవిరి వాసన, అన్నీ కలిసి, అరవై ఏళ్ళ కిందట కద్మాలో మా కార్ఖానా క్వార్టరు ముందు సైకిలు దిగి నిలబడిన మనిషి ఒంటి మీంచి వచ్చినట్టే వచ్చాయి. నా చేతిలో పాత జాకెట్టు గుడ్డలో చుట్టిన మా అమ్మ కంటె ఉంది. మెడకు పట్టినట్టుండే గుండ్రని బంగారు కడ్డీ అది, వెనక వైపు తెరిచి ఉంటుంది. పాత బంగారం కింద తూకానికి అమ్మేద్దామని తెచ్చాను. మా ఆయన పోయి పదకొండేళ్ళయింది, నా మెడకు ఇక దానితో పని లేదు, పెట్టెలో ఊరికే పడి ఉంటోంది. అయినా ఆ మెట్టు మీద కాళ్ళు ఆగిపోయాయి.

ఎందుకు అమ్మాలో ముందే చెప్పేస్తాను. నా మనవరాలు, మా అబ్బాయి కూతురు, నర్సు చదువుకు చేరి మొదటి ఏడాది తప్పింది. మళ్ళీ ఫీజు కట్టి ఆ ఏడాదే చదవాలి, నెలాఖరు దాటితే సీటు పోతుంది. తండ్రికి చెప్పలేదు. వాడు చెడ్డవాడు కాదు గాని కోపిష్టి, ఒక్కసారి తప్పినా చదువు మాన్పించి ఇంట్లో కూర్చోబెడతానని చేర్పించిన రోజే అన్నాడు. ఆ పిల్ల ఒక మధ్యాహ్నం నా మంచం పక్కన కూలబడి, 'దాదీ, పాపా కో మత్ బోల్నా' అని నా కొంగు మొహానికి కప్పుకుని ఏడ్చింది. 'సెప్పనే. కొంగు తడిపీకు' అన్నాను నేను. మా ఇంట్లో మాటలు ఇలాగే నడుస్తాయి, నేను తెలుగులో అంటాను, అది హిందీలో జవాబిస్తుంది, ఇద్దరికీ అర్థమవుతుంది.

నేను బడికి వెళ్ళింది రెండేళ్ళే. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతకు మించి రాదు. ఇది నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది. అక్షరాలు ఆవిడవి, తప్పులు నావి.

కద్మాలో మా లైను అంటే ఒకే పొడుగాటి గోడకు ఆనుకుని పన్నెండు ఇళ్ళు. ఇంటికో గది, ఓ వంటిల్లు, ముందు మూరెడు వరండా, అందరికీ కలిపి చివర్న ఒక కుళాయి. చలికాలం తెల్లవారితే పన్నెండు గుమ్మాల ముందు పన్నెండు బొగ్గుల పొయ్యిలు రాజేసేవాళ్ళు, ఆ పొగ లేచి పోకుండా నడుం ఎత్తున తెల్లటి దుప్పటిలా పరుచుకుంటే అందులోంచి పెద్దవాళ్ళ తలకాయలే కనబడేవి, మేం పిల్లలం అసలే కనబడేవాళ్ళం కాదు, ఒకళ్ళనొకళ్ళం దగ్గు బట్టి గుర్తుపట్టేవాళ్ళం. మధ్యాహ్నాలు బొగ్గుపొడిలో మట్టీ గంజీ కలిపి ఉండలు చేసి గోడవార ఎండబెట్టడం ఆడపిల్లల పని, చేతులు ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో ఆ నలుపు ఉండిపోయేది, ఆ చేతులతోనే గచ్చకాయలాడి, ఆ చేతులతోనే చోడి అంబలి తాగి, మిగిలిన నలుపు గౌన్లకు తుడిచి తిట్లు తినేవాళ్ళం. కార్ఖానా భోంపూ మోగితే తల్లులు ఎసరు పెట్టేవాళ్ళు, మళ్ళీ మోగితే వార్చేవాళ్ళు, మా లైనులో గడియారం ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు, కావలసిన అవసరమూ ఎవరికీ కనబడలేదు. చీకటి పడే వేళ దూరాన కరిగిన ఇనప చిట్టెం ఒలకబోస్తే ఆకాశం ఆ చివర నుంచి ఈ చివరకు ఎర్రబడేది, ఆ వెలుగులో మా వరండా గోడ, అమ్మ మొహం, చేటలో బియ్యం అన్నీ కాసేపు ఒకే రంగులో ఉండేవి.

మా అయ్య శ్రీకాకుళం పక్క పల్లె నుంచి ఈ ఉక్కు కార్ఖానా ఊరికి బతకడానికి వచ్చి వెల్డరైనవాడు. సన్నటి మనిషి, తక్కువ మాట. చెవులకు బంగారు పోగులుండేవి, వాళ్ళమ్మ నెలల పిల్లాడప్పుడు కుట్టించి పెట్టినవి. నన్ను ఎత్తుకుంటే వాటిని తిప్పుతూ ఆడుకునేదాన్ని, చలికాలంలో అవి చల్లగా, ఆయన చెవులు వెచ్చగా ఉండేవి.

మా పక్కింటివాళ్ళు బీహారువాళ్ళు, వాళ్ళ ఫూల్మతి నా ఈడుది. కార్తీకంలో మా నాగుల చవితి అయిన రెండో నాడు వాళ్ళ సూర్యుడి పండగ, ఛఠ్ పరబ్ వచ్చేది. చవితినాడు మా అమ్మ ఖర్కాయి నది ఒడ్డున వెతికిపెట్టుకున్న పుట్టలో పాలు పోసి, నువ్వుల చిమ్మిలి, చలిమిడి ఆకులో పెట్టి ఫూల్మతి ఇంటికి పంపేది, ఆ ఆకు రెండు రోజులు వాళ్ళ గూట్లో ఉండి, నేతిలో వేగిన గోధుమపిండి ఠేకువాలతో మా ఇంటికి తిరిగొచ్చేది. పంచుకోవడంలో నేనూ ఫూల్మతీ జుట్లు పట్టుకునేవాళ్ళం, తినడం మాత్రం కలిసే తినేవాళ్ళం.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఆ చవితికి ఇంకా పది రోజులుందనగా, మా పిన్నికి పురుడు వచ్చిందని అమ్మ ఊరు వెళ్ళింది. రైల్లో దొంగల భయానికి మెడలో కంటె తీసి చోడిపిండి డబ్బాలో అడుగున పెట్టి, ఆ సంగతి అయ్యకు మాత్రమే చెప్పింది. చెప్పేటప్పుడు నేను తలుపు వెనక ఉన్నాను. ఆ కంటె మా అమ్మమ్మది. మా లైను మొత్తంలో తెలుగువాళ్ళ మెడల్లో అంత బంగారం ఇంకోటి లేదు, పెళ్ళి ఎవరింట జరిగినా పెళ్ళికూతురి మెడకు ఓ పూట అరువు వెళ్ళేది. ఫూల్మతీ నేనూ పెళ్ళి ఆట ఆడదామనుకున్న రోజున నాకు గుర్తొచ్చింది అదే. నేను పెళ్ళికూతుర్ని. డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి తీసి, దులిపి, మెడకు పెట్టుకోబోతే జడ అడ్డం వచ్చింది. చెరో కొన పట్టుకుని లాగాం. పప్పుచెక్క విరిగినంత చప్పుడైంది. ముందు వైపు సరిగ్గా నడిమికి రెండు ముక్కలు. ఫూల్మతి తన చేతిలో ముక్క నా ఒళ్ళో పడేసి పరుగెత్తింది.

అయ్య డ్యూటీ నుంచి వచ్చేదాకా చోడిపిండి మొహంతో వరండాలోనే కూర్చున్నాను. సైకిలు స్టాండు వేస్తూ నా మొహం చూశాడు.

'ఏటే గుంటా, పిండిలో దొర్లినావా?'

ఒళ్ళో గౌను మడత విప్పి చూపించాను. ఆయన రెండు ముక్కలూ తీసుకుని, కొనలు కలిపి, పైపు చూసినట్టు ఒక కన్ను మూసి చూశాడు.

'దీనికేనా ఈ ఏడుపు? రోజుకి ఇరవై అతుకుతాను నాను.'

'అమ్మ సంపేత్తాది.'

'నువ్వని సెప్పకు. నాను ఇరిచినానని సెప్తాను. నాకు తిట్లు అలవాటే.'

మర్నాడు కంటె ముక్కలు టిఫిను డబ్బాలో రొట్టెల కింద పెట్టుకుని వెళ్ళాడు. మూడో నాడు అతికి తెచ్చాడు. గొంతు కింద సరిగ్గా కనబడేచోట ఎర్రగా కందిగింజంత బుడిపె. నున్నగా లేదు, అందంగానూ లేదు. నా ముందర రెండు కొనలూ పట్టి ఊపి, 'ఇంకెక్కడైనా ఇరగొచ్చు గాని నానేసిన కాడ ఇరగదు' అన్నాడు. ఆయన నోట గొప్ప చెప్పుకోవడం నేను విన్నది ఆ ఒక్కసారే.

అమ్మ చవితి ముందు రోజు దిగింది. డబ్బాలో చెయ్యి పెట్టి కంటె తీసి, పిండి ఊది, వెలుతురుకు పట్టింది.

'ఏటి మావా ఇది?'

'పెట్టె సర్దుతుంటే సెయ్యి జారి ఇరిగింది. ఇత్తడి పుల్లతో అతికినాను.'

'డబ్బాలో ఉన్నది పెట్టెలోకి ఎలగెల్లింది?'

అయ్య బకెట్టు అందుకున్నాడు. మఫ్లరు సర్దుకుని కుళాయికి వెళ్ళిపోయాడు. చలి మొదలైంది కదా, ఆ ఏడు ఆయన మఫ్లరు తీయనే లేదు, అన్నం తినేటప్పుడు కూడా చెవుల మీంచి చుట్టుకునే ఉండేవాడు. ఎండలు ముదిరి అది తీయక తప్పని రోజున అమ్మకు ఖాళీ చెవులు కనబడ్డాయి. వెల్డింగు దగ్గర పోగులు ఉండకూడదన్నారని, తీసి జేబులో వేసుకున్నానని, జేబు చిరుగులోంచి దారిలో పడిపోయాయని చెప్పాడు. అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆయన్ని పైనుంచి కిందికి చూసింది.

'నాను వారం లేకపోతే నా బంగారం ఇత్తడి సేసినావు. నాను ఇంట్లో ఉండగా నీ బంగారం గాలికి వదిలినావు. అత్త ఉంటే నీ సెవులు పిండేది.'

'పిండడానికి పోగులు లేవు గదేటే' అన్నాడు అయ్య. వరండాలో కూర్చున్నవాళ్ళంతా నవ్వారు.

ఆ తర్వాత వాళ్ళు బతికినన్నాళ్ళూ అవే రెండు మాటలు. కుళాయి దగ్గర ఎవరైనా కంటె మీద బుడిపె ఏమిటని అడిగితే, 'మా ఆయన కార్ఖానా గేటుకి ఏసినట్టు ఏసినాడు, నా మెడ కూడా గేటే అనుకున్నాడు' అనేది అమ్మ. అంటూ బొటనవేలితో ఆ బుడిపెను రాసేది. పెళ్ళిళ్ళకు అరువిచ్చేటప్పుడు 'ఇత్తడి ముక్క ఉంది, పైట కప్పుకో' అని చెప్పి మరీ ఇచ్చేది. నా పెళ్ళికి నా మెడకు పెట్టినప్పుడూ అదే మాట. అయ్య పక్కనే నిలబడి తల గోక్కున్నాడు. విరిచింది నేనని ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఆయన పోయాక అమ్మకు చెప్పొచ్చు. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి, పులుసులో ఉప్పు సరిపోయిందా అని అడిగి ఊరుకున్నాను. అమ్మా పోయింది.

అందుకే కంసాలితో ముందే చెప్పాను, నడిమి ముక్క ఇత్తడి, అది కోసి పక్కన పెట్టి మిగిలినది తూచమని. ముసలివాడు, కళ్ళద్దాలకు దారం కట్టుకున్నాడు. గీటురాయి మీద కంటెను రాసి, బుడిపెను వేరేగా రాసి, రెండు గీతల మీదా మందు చుక్కలు వేసి చాలాసేపు చూశాడు.

'పీతల్ అని ఎవరన్నారు మాయీ? యే భీ సోనా హై. రాగి కాస్త ఎక్కువ పడింది, అందుకే ఎరుపు. పీతల్ అయితే ఇన్నేళ్ళ చెమటకి పచ్చగా చిలుం పట్టేది గదా. ఎవరో చిన్న నగ కరిగించి పోశారు.'

నేను అక్కడ బల్ల మీద కూర్చుండిపోయాను. ఆయన నీళ్ళ గ్లాసు ఇచ్చాడు, తాగాను. మఫ్లరు గుర్తొచ్చింది. అయ్య ఖాకీ చొక్కాలు నాకు ఎన్ని ఉన్నాయో తెలుసు, రెండు, ఆదివారం ఆదివారం అమ్మ ఉతికి, చిరుగులుంటే వరండాలో కూర్చుని కుట్టేది, సూదిలో దారం ఎక్కించేది నేను. మోచేతులు కుట్టింది, కాలరు తిప్పి కుట్టింది, జేబు కుట్టగా నేను ఒక్కనాడూ చూడలేదు. చిరిగిన జేబు లేదని అమ్మకు తెలియదా? ఇత్తడి బిందెలు వారానికి రెండుసార్లు చింతపండుతో తోమే మనిషి, కంటెను కుంకుడు నురుగుతో కడుక్కుంటూ, ఆ బుడిపె నల్లబడదేమని అనుకోలేదా? తెలిసే అని ఉంటుంది ఆ మాటలన్నీ. డబ్బాలోంచి పెట్టెలోకి ఎలా వెళ్ళిందో కూడా తెలిసే ఉంటుంది. ఉప్పు సరిపోయిందా అని నేనడిగితే నా మొహంలోకి చూసి, 'సరిపోయింది లేవే' అన్నది. ఆ చూపు నాకు ఇప్పుడు అర్థమైంది.

కంసాలి మంచివాడు. తొందర లేదు, రేపు రమ్మన్నాడు. ఇలాంటి నగలు తెచ్చినవాళ్ళు సగం మంది తిరిగి పట్టుకుపోతారట. కావాలంటే ఆ నడిమి ముక్క కోసి ఇచ్చేస్తాను, ఉంచుకోండి అన్నాడు. కంటె చేతిలో పెట్టుకుని చూశాను. ఇంటికి పట్టుకుపోతే ఏమవుతుంది, మళ్ళీ జాకెట్టు గుడ్డలో చుట్టి పెట్టెలో పెడతాను, అప్పుడప్పుడు తీసి చూసుకుని ఏడుస్తాను, నెలాఖరు దాటిపోతుంది. ముక్క కోయించుకుంటే ఆ మేరకు ఫీజుకు తగ్గుతుంది. తల్లి పెట్టిన పోగులు చెవుల నుంచి తీసేటప్పుడు అయ్య ఎంతసేపు ఆలోచించి ఉంటాడు? విరగ్గొట్టింది తొమ్మిదేళ్ళ గుంట. అది ఏడవకూడదు, తిట్లు తినకూడదు, ఆయనకు కావలసింది అంతే. బంగారం కరుగుతుందని వెల్డరుకు ఒకరు చెప్పాలా?

'కోయొద్దు. అంతా కలిపి కరిగించెయ్' అన్నాను.

కరిగించే మూసలో పట్టడానికి కంటెను చిన్నది చేయాలి. పట్టకారుతో పట్టి ఇటూ అటూ వంచాడు, మూడోసారి వంచితే విరిగింది. ముక్కలు నాకు చూపించాడు. అతుకు అతుకులాగే ఉంది, దాని పక్కన వేలెడు దూరంలో విరిగింది. మళ్ళీ అతుకు దగ్గరే పట్టి వంచి చూశాడు, రాలేదు. 'పనివాడు ఎవరో గాని గట్టివాడు' అన్నాడు. నేను నవ్వాను. ముసలిదానికి మతి చలించిందనుకుని ఉంటాడు. కరిగేదాకా ఉండి చూశాను. ముందు ఎర్రబడింది, తర్వాత మెత్తబడింది, ఆ తర్వాత ఏది కంటె ఏది పోగులు అన్న తేడా లేకుండా ఒక్క చుక్కలా మూసలో తిరిగింది, ముసలాయన మొహం, గోడ, నా చేతులు అన్నీ కాసేపు ఒకే రంగులో ఉన్నాయి.

ఫీజు కట్టేశాం. పిల్ల మళ్ళీ చదువుతోంది. కద్మాలో మా లైను ఉన్నచోట ఇప్పుడు నాలుగంతస్తుల ఇళ్ళు, గ్యాసు పొయ్యిలు, ఎవరి కుళాయి వాళ్ళకి. ఫూల్మతి ఏ ఊళ్ళో ఉందో, అసలుందో లేదో తెలియదు. చవితి చిమ్మిలి నేనిప్పటికీ చేస్తాను, ఆకులో పెట్టి ఇస్తే ఆకు తిరిగి తెచ్చేవాళ్ళు లేరు. తన మెడను గేటు చేశాడని మఫ్లరు చుట్టుకున్న మనిషిని ఏడిపించే గొంతు కూడా లేదు.

ఇది అచ్చయితే మా అబ్బాయి చూస్తాడేమోనని టీచరమ్మ భయపడుతోంది. వాడు చదివింది హిందీ, తెలుగు అక్షరం రాదు, నేనేం చెప్పానో వాడికి తెలిసే దారి లేదు. అది తలుచుకుంటే ఒకప్పుడు బాధగా ఉండేది, ఈ ఒక్కసారికి మంచిదే అయింది. ఏ పెళ్ళో వచ్చి, అమ్మా కంటె ఏదీ అని అడిగితే విరిగిపోయిందని చెబుతాను. విరిగింది నిజమే. ఎలా విరిగిందంటే, పెట్టె సర్దుతుంటే చెయ్యి జారిందంటాను.