వదిలేసిన వరుస

ఆంజియోప్లాస్టీకి ముందు వాపు తగ్గించే మాత్ర వేస్తే గుండెకి రక్షణ దొరుకుతుందేమోనని కాకినాడ ఆసుపత్రిలో పరీక్షిస్తున్న రోజులవి. సగంమందికి మందు, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్ర. నాకూ స్టెంటు వేయాలన్నప్పుడు, అందులో చేరతారా అని అడిగి వివరాల కాగితం ఇచ్చారు. తిరిగి రాజమండ్రి వస్తూ బస్సులో ఆ కాగితం మూడోసారి చదువుతుంటే, పక్కసీటు పెద్దాయన తొంగిచూశారు.

“నేనూ చేరానండి. కిందటి నెలలో స్టెంటు వేశారు,” అన్నారు. ఆయనకి కడియంలో నర్సరీ ఉందట.

“మీకు ఏ మాత్ర ఇచ్చారండి?”

“నాకూ తెలీదు, ఇచ్చిన డాక్టరుగారికీ తెలీదండి.”

“మరి ఎలా ఒప్పుకున్నారు?”

“కొత్త మందొస్తే మేం ఒక వరుస గులాబీలకి కొట్టి, పక్క వరుస వదిలేస్తామండి. ఆ వదిలేసింది లేకపోతే మందు పనిచేసిందని ఎలా తెలుస్తుంది? స్టెంటు ఎలాగూ అందరికీ వేస్తారు. నేను వదిలేసిన వరుసలో ఉన్నా పనికొచ్చినట్టే కదండీ.”

కడియం రాగానే ఆయన దిగిపోయారు. పేరైనా అడగలేదు నేను.

మర్నాడే వెళ్లి సంతకం పెట్టాను. స్టెంటు వేసి ఇప్పటికి చాలా ఏళ్లయింది, గుండె బాగానే ఉంది. నేను ఏ వరుసలో ఉన్నానో ఎవరినీ అడగలేదు.