హెడర్ ఫైళ్ళ కోసం కోట దాకా

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు, హెడర్ ఫైలు దొరకలేదన్న ఎర్రర్ పట్టుకుని నా దగ్గరికి వస్తే ముందు విసుక్కుంటాను. ఆ తర్వాత ఒక కమాండు కొట్టి చూపిస్తాను. కావలసినవన్నీ అర నిమిషంలో దిగిపోతాయి. వాళ్ళు వెళ్ళాక మాత్రం కాసేపు నా పని సాగదు. నాయన మీద బెంగ పుడుతుంది.

మాది కోట అనే చిన్న టౌనుకు అవతల, సముద్రపు ఒడ్డున ఊరు. నాయన బోటు ఇంజన్లు బాగుచేసేవాడు. నేను డిగ్రీ ముగించి ఇంట్లో ఉన్న ఏడు, ఒక కంపెనీ ఉద్యోగానికి చిన్న పరీక్ష పెట్టింది. కెర్నల్ మాడ్యూల్ ఒకటి రాసి, అది నడిచిన ఆనవాలుతో సహా సోమవారం పది గంటల్లోపు మెయిల్ చేయాలి. కెర్నల్ అంటే కంప్యూటర్‌ని నడిపించే మూల ప్రోగ్రాం, మాడ్యూల్ దానికి తగిలించే చిన్న ముక్క. అదే సోమవారం నుంచి తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో చేరతానని అమ్మ నా పేరు ఇచ్చేసింది. అమ్మను తప్పు పట్టలేను, మా ఈడు పిల్లలు చాలామంది అక్కడే పనిచేసేవాళ్ళు. కానీ నాకు కంప్యూటర్ పనే కావాలి. ఎంత కావాలంటే, ఆ మాట పైకి అనడానికి కూడా భయమేసేంత.

ఇంట్లో ఉన్న సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్‌లో రాయడం ఒక పూటలో అయిపోయింది. దాన్ని కంపైల్ చేస్తే, అంటే కంప్యూటర్ భాషలోకి మార్చబోతే, మొదటి వరుసలోనే ఆగింది, హెడర్ ఫైలు లేదట. హెడర్ ఫైళ్ళంటే ముక్క ఎక్కడ ఎలా తగలాలో చెప్పే కొలతలు. ఇంట్లో నెట్ లేదు, నాయనది బటన్ల ఫోను. శుక్రవారం సర్వీసు ఆటో ఎక్కి కోటలో నెట్ సెంటరుకు పోయి, అది అడిగిన ఆ ఒక్క ఫైలూ పెన్ డ్రైవ్‌లో తెచ్చాను. తీరా పెడితే, ఆ ఫైలుకు ఇంకో పది ఫైళ్ళు కావాలంది. అన్నీ గొంతెమ్మ కోరికలే!

శనివారం మళ్ళీ పోయి, ఈసారి మహా తెలివిగా, అన్నిటికంటే కొత్త హెడర్ల ప్యాకేజీ మొత్తం దించుకొచ్చాను. మాడ్యూల్ తయారైంది. ఎగిరి గంతేశాను. తీరా ఎక్కించబోతే కంప్యూటర్ ఒప్పుకోలేదు, ఈ ముక్క ఇక్కడ చెల్లదు పొమ్మంది. కీబోర్డును ఒక్క గుద్దు గుద్ది, ఏడుస్తూ కూర్చున్నాను.

నాయన గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చి గడపలో నిలబడ్డాడు.

"ఏంది పాపా, ఏం కావాలంటుండాది అది?"

"కొలతలు నాయనా. సరికొత్తవి తెచ్చినా సరిపోలా."

"కొత్తవి ఎవురికి కావాల? నీ ఇంజను ఏ మోడలు?"

నాకు తెలియదు. ఆ సంగతి నా మొహంలోనే కనిపించినట్టుంది.

"నేను అంగడికి పొయ్యేటప్పుడు ఇంజన్లో తీసిన పాత రింగు గుడ్డలో కట్టుకొని పోతా, చూసినావు గదా. నోటితో చెప్తే వాడికి తోచింది ఇస్తాడు. నువ్వు ఒట్టి చేతులతో పోయినావు."

నాకు రోషం వచ్చింది. బోటు మెకానిక్కుకు కెర్నల్ గురించి ఏం తెలుసని! ఆ రోషంతోనే, నడుస్తున్న కెర్నల్ నంబరు చూపించే కమాండు కొట్టాను. సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ కదా, అందులోని కెర్నల్ నేను తెచ్చిన హెడర్ల కంటే చాలా పాతది. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట.

ఆదివారం నెట్ సెంటరు ఒంటి గంట దాకానే. నంబరును చుక్కలూ గీతలతో సహా చీటీ మీద రాసుకుని పోయాను. అంత పాత ప్యాకేజీ వెతకడానికే సెంటరు మూసే వేళైంది. ఇల్లు చేరి, కంపైల్ చేసి, ఎక్కించేసరికి మూడు దాటింది. ఈసారి కిక్కురుమనకుండా ఎక్కింది. నాయనకు చూపిస్తే, "తీసి మళ్ళా పెట్టు" అన్నాడు. ఇంజనైనా అంతే, రెండోసారి స్టార్టయితేనే నమ్మేవాడు. తీసి మళ్ళీ పెట్టాను.

సంతోషం ఎంతోసేపు నిలవలేదు. మెయిల్ పంపాలంటే మళ్ళీ ఆ నెట్ సెంటరే గతి, సోమవారం తొమ్మిదికి గానీ తెరవరు. ఫ్యాక్టరీ బస్సు తెల్లవారుతుండగానే వస్తుంది. మొదటి రోజే రాకపోతే పేరు కొట్టేస్తారు. ఈ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

పొద్దున బస్సు వచ్చి హారను కొట్టింది. అమ్మ అన్నం క్యారియరు నా చేతికిచ్చింది. నేను చెప్పులు వేసుకుని బయటికి నడిచాను కూడా. అప్పటికే నాయన బస్సు దగ్గర నిలబడి డ్రైవరుతో మాట్లాడుతున్నాడు.

"మా పాప రాదన్నా. దానికి కోటలో పనుండాది. నువ్వు పో."

బస్సు వెళ్ళిపోయింది. అమ్మ గుండెలు బాదుకున్నంత పని చేసింది. "ఆ పని రాకపోతేనో?"

"వస్తాదో రాదో నాకేం తెలుసు? అది చేసింది మాత్రం సరింగా చేసింది," అన్నాడు నాయన, బండి బయటికి తీస్తూ.

 అమ్మ నా చేతిలో క్యారియరు లాక్కుని లోపలికి పోయి, దానికి ఇంకో గిన్నె తగిలించి తెచ్చింది.

నెట్ సెంటరు తెరిచేదాకా దాని మెట్ల మీద కూర్చుని, నాయనా నేనూ ఆ అన్నం తిన్నాం.